మద్దిచెట్టు మీది దసలి చిలుక



తొలకరి పడి అడవి పచ్చబడ్డాక, రాత్రిపూట వరండా దీపం చుట్టూ పురుగులు మూగడం మామూలే. ఒక్కోసారి ఆ మందలో మిగతావాటితో పోలికే లేనంత పెద్ద పురుగు ఒకటి వచ్చి గోడకు అంటుకుంటుంది. రెక్కలు చాపితే జానెడు వెడల్పు. పిల్లలు గబ్బిలమని కేకపెడతారు, ఇంట్లో ఎవరో ఒకరు చీపురు అందుకుంటారు. భూపాలపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్, ములుగు లాంటి అడవి జిల్లాల్లో ఉండేవాళ్లు ఆ చీపురు ఎత్తే ముందు ఒక్క నిమిషం ఆగి ఆ రెక్కల వంక చూడాలని చెప్పడానికే ఈ ప్రసంగం. ఎందుకంటే అది దసలి చిలుక అయి ఉండవచ్చు. మహాదేవపూర్ దసలి చీర అని మనం మురిపెంగా కట్టుకునే చీరలో దారం దీని గూటి నుంచి తీసిందే.

ఇది సీతాకోకచిలుకల వరసలోది కాదు. రాత్రిళ్లు ఎగిరే రెక్కల పురుగుల జాతిలోది. శాస్త్రజ్ఞులు దీన్ని ఆంథీరియా మైలిట్టా అంటారు. అందులో మైలిట్టా అనే పేరు 1773లో డ్రూ డ్రూరీ పెట్టాడు. లండన్‌లో వెండి నగల వ్యాపారం చేస్తూ దేశదేశాల పురుగులను సేకరించినవాడు ఆయన. ఆ తరవాత 1804లో విలియం రాక్స్‌బరో ఈ పురుగును గురించి వివరంగా ఒక వ్యాసం రాసి లండన్ లినియన్ సొసైటీ సంపుటంలో అచ్చు వేయించాడు. రాక్స్‌బరో మనకు కొత్తవాడు కాదు. కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లకముందు మన సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి, కోరమాండల్ తీరంలోని మొక్కలను ఒక్కొక్కటిగా బొమ్మలు గీయించి గ్రంథస్థం చేసినవాడు. దసలి పురుగు మేసే నల్లమద్ది, తెల్లమద్ది చెట్లకు ఇవాళ చెలామణిలో ఉన్న శాస్త్రనామాలకు మూలం కూడా ఆయన పెట్టిన పేర్లే. పురుగునూ, దానికి మేత అయిన చెట్టునూ ఒకే మనిషి అంత శ్రద్ధగా చూడడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

రేడియోలో బొమ్మ చూపించే వీలు లేదు. మాటలతోనే చూపించాలి కాబట్టి రెక్కతో మొదలుపెడతాను.

నాలుగు రెక్కలు. ప్రతి రెక్క నడుమా ఒక గుండ్రని కన్ను. ఆ కంటి మధ్య భాగం రంగు కాదు, రంగే లేని చోటు. మామూలుగా ఈ జాతి పురుగుల రెక్క మొత్తం సన్నని పొలుసులతో కప్పి ఉంటుంది. వేలికి అంటుకునే పొడి అదే. దసలి చిలుక రెక్కలో ఆ కంటి నడిమి భాగంలో మాత్రం పొలుసులు ఉండవు. పలచని పొర ఒక్కటే ఉంటుంది. దీపానికి అడ్డంగా చూస్తే వెలుగు ఆ నాలుగు చోట్ల నుంచీ ఇవతలికి వస్తుంది. గోడ మీద వాలినప్పుడు ఆ కన్నుల్లోంచి గోడ సున్నం కనిపిస్తుంది. ఆ పారదర్శకమైన బిళ్ల చుట్టూ సన్నని పసుపు, తెలుపు, గులాబీ, నలుపు అంచులు వలయాలుగా ఉంటాయి. ఇంకెన్ని మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి: గుండ్రని కన్ను, అందులోంచి అవతలిది కనబడాలి.

రెండో గుర్తు మెడ దగ్గర. ముందు రెక్క పై అంచు పొడవునా ఒక బూడిదరంగు పట్టీ నడుస్తుంది. అది రెక్క మొదట్లో ఆగిపోదు. మెడ మీదుగా అవతలి రెక్క అంచు వరకూ సాగుతుంది. రెక్కలు రెండూ చాచి వాలినప్పుడు ఆ బూడిద గీత ఒక కొస నుంచి మరో కొసదాకా ఏకంగా కనిపిస్తుంది. రెక్కల బయటి అంచుకు కాస్త లోపలగా, దానికి సమాంతరంగా ఇంకో గీత కూడా ఉంటుంది.

ఇక రంగు విషయానికి వస్తే ఆడదీ మగదీ చూసినవాళ్లు రెండూ వేరు వేరు జాతులని అనుకున్నా తప్పుపట్టలేం. మగది ఇటుక రంగు, లేదా ఎరుపు కలిసిన గోధుమ రంగు. ముందు రెక్క కొస కొద్దిగా వంకీ తిరిగి ఉంటుంది. పొట్ట సన్నం. ఆడది పెద్దది, పసుపు రంగులోనో బూడిద రంగులోనో ఉంటుంది. రెక్కలు వెడల్పు. పొట్ట గుడ్లతో నిండి బరువుగా వేలాడుతుంది. దీపాల దగ్గరికి ఎక్కువగా వచ్చేది మగదే. ఆడది గూడు వదిలి వచ్చిన చోటే కొమ్మ పట్టుకుని కూర్చుంటుంది. అది వెతుక్కుంటూ పోదు, దాన్ని వెతుక్కుంటూ మగది రావాలి.

అలా వెతకడానికి మగదానికి ఉన్న సాధనం తల మీది మీసాలు. దీన్ని దగ్గరగా చూడడానికి ఒక చిన్న భూతద్దం చాలు. మగచిలుకను నెమ్మదిగా ఒక పుల్ల మీదికి ఎక్కించుకుని, తల వైపు నుంచి చూస్తే రెండు వెడల్పాటి ఈకలు కనిపిస్తాయి. నడుమ ఒక కాడ. దానికి అటూ ఇటూ వరసగా పళ్లు. ప్రతి పంటికీ మళ్లీ అతి సన్నని రోమాలు. ఆడచిలుక పొట్ట కొస నుంచి వదిలే వాసన గాలిలో ఎంత పలచగా ఉన్నా ఈ రోమాలు పట్టేస్తాయి. మనకు ఆ వాసన అసలు తెలియదు. ఆడదాని మీసాలు కూడా ఈక ఆకారంలోనే ఉంటాయి గానీ చాలా సన్నం. చీకట్లో రంగు సరిగా తెలియనప్పుడు మీసం వెడల్పు చూసి ఆడో మగో చెప్పవచ్చు. పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే విత్తన కేంద్రాల్లో పనిచేసేవాళ్లు అలాగే చెబుతారు.

మూతి కోసం వెతికితే మాత్రం దొరకదు. తేనె తాగే తొండం ఈ చిలుకకు పనికొచ్చేంతగా ఎదగనే ఎదగదు. రెక్కలు వచ్చాక అది ఏమీ తినదు, ఏమీ తాగదు. పురుగుగా ఉన్నప్పుడు మద్ది ఆకుల నుంచి కూడబెట్టుకున్న సత్తువతోనే ఎగరాలి, జత కట్టాలి, గుడ్లు పెట్టాలి. అందుకే దాని బతుకు ఓ వారం, మహా అయితే పది పన్నెండు రోజులు. గోడ మీద వాలిన చిలుకను చూసి పాపం ఆకలిగా ఉందేమోనని చక్కెర నీళ్లు పెట్టే పిల్లలుంటారు. మంచి మనసే గానీ దానికి కావలసింది అది కాదు. దీపం ఆర్పేస్తే చాలు. వెలుగు చుట్టూ తిరిగి తిరిగి పోగొట్టుకునే రాత్రి దానికి మళ్లీ దొరకదు.

దసలి చిలుక అనుకుని పొరబడే పురుగులు మరికొన్ని ఉన్నాయి. వానాకాలంలో ఇళ్లలోకి ఎక్కువగా వచ్చేది నల్లటి గోధుమ రంగులో, ముందు రెక్కల మీద గుడ్లగూబ కళ్లను తలపించే సుడి గుర్తులున్న పెద్ద చిలుక. గదుల మూలల్లో, మెట్ల కింద కూర్చుంటుంది. దాని కన్ను వట్టి రంగు మాత్రమే, అందులోంచి గోడ కనబడదు. మీసాలు కూడా దారాల్లాగా నున్నగా ఉంటాయి. అట్లాస్ చిలుక మరీ పెద్దది. దాని రెక్కల్లోనూ పారదర్శకమైన చోటు ఉంటుంది గానీ అది త్రికోణం, గుండ్రం కాదు. ముందు రెక్క కొసలు పాము తలను తలపిస్తాయి. ఆముదం ఆకు మేసే ఎరి పట్టు చిలుక రెక్క మీద నెలవంక ఆకారపు గుర్తు ఉంటుంది. లేత ఆకుపచ్చ రంగులో, వెనక రెక్కలకు పొడవాటి తోకలతో ఉండే మూన్ మాత్‌ను చూసినవాళ్లు దేనితోనూ పొరబడరు. ఇక మన రాయలసీమలోనూ, తెలంగాణ మైదానాల్లోనూ మల్బరీ ఆకు వేసి షెడ్లలో పెంచే పట్టు చిలుక తెల్లగా, చిన్నగా ఉంటుంది. వేల ఏళ్లుగా మనుషుల చేతుల్లో పెరిగి ఎగరడమే మరిచిపోయింది. దసలి చిలుక అలా కాదు. ఎంతగా పెంచినా అడవిలో చెట్టు మీదే పెరగాలి, రెక్కలు రాగానే ఎగిరిపోగలదు. దాన్ని పెంచేవాళ్ల కష్టమంతా ఇందులోనే ఉంది.

చిలుక కంటబడే రోజులు తక్కువ. దాని పురుగు, అది కట్టే గూడు, అంటే కాయ, కంటబడే రోజులు ఎక్కువ. కాబట్టి వాటి గుర్తులు కూడా తెలిసి ఉండాలి.

గుడ్డు సుమారు 3 మిల్లీమీటర్లు, కోలగా, కాస్త అణిగి ఉంటుంది. చుట్టూ నడుము భాగాన గోధుమ రంగులో రెండు సమాంతర గీతలుంటాయి. ఒక ఆడచిలుక దాదాపు 150 నుంచి 250 వరకూ గుడ్లు పెడుతుంది, ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రాత్రుల్లోనే. ఎనిమిది, పది రోజుల్లో పిల్లపురుగు గుడ్డు పెంకు కొరుక్కుని బయటికొచ్చి, ముందుగా ఆ పెంకులో కొంత తింటుంది. అప్పుడది గోధుమ పసుపు రంగు ఒంటితో, నల్లని తలతో వడ్లగింజ పొడవున ఉంటుంది. మొదటిసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారుతుంది. నాలుగుసార్లు కుబుసం విడిచి అయిదో దశకు వచ్చేసరికి 13 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. బరువు 50 గ్రాముల వరకూ ఉంటుంది. గుడ్డులోంచి వచ్చిన రోజున ఆ బరువు 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. నెలా నెలన్నరలో ఇంత పెరుగుదల. చలికాలం పంటలో ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది.

ఇంత పెద్ద పురుగు చెట్టు మీద ఉన్నా కొత్తవాళ్లకు కనబడదు. ఆకు రంగులో కలిసిపోయి, కొమ్మ కింది వైపు తలకిందులుగా పట్టుకుని కదలకుండా ఉంటుంది. అలవాటున్నవాళ్లు పైకి చూడరు, నేల చూస్తారు. చెట్టు కింద తాజాగా పడిన గట్టి రెట్ట గింజలు కనబడితే సరిగ్గా దాని పైన కొమ్మ వెతుకుతారు. పురుగు ఒంటి పక్కన వరసగా చిన్న మెరుపు చుక్కలు ఉంటాయి, ఎండ పడితే వెండిలా తళుక్కుమంటాయి. వీపు మీద చిన్న చిన్న బుడిపెలు, వాటి మీద అక్కడక్కడా పలచని వెంట్రుకలు. మునగచెట్టు గొంగళిపురుగులా ఇది కుట్టదు, దురద పెట్టదు. పసిపిల్లల చేతిలో పెట్టినా ప్రమాదం లేదు. కాకపోతే కొమ్మ మీద దాని పట్టు వదిలించడం తేలిక కాదు, గట్టిగా లాగితే పురుగుకే దెబ్బ తగులుతుంది. పెంచేవాళ్లు పురుగును ఎప్పుడూ లాగరు. ఒక చెట్టు ఆకు అయిపోతే కొమ్మతో సహా కత్తిరించి పక్క చెట్టు మీదికి మారుస్తారు.

మేత చాలించిన పురుగు కాయ కట్టే తీరు ఈ జాతికి ప్రత్యేకం. ముందు కడుపు ఖాళీ చేసుకుంటుంది. తరవాత రెండు మూడు ఆకులను దగ్గరికి లాగి దారంతో కలిపి, లోపల కూర్చునేందుకు ఊయల కట్టుకుంటుంది. అక్కడి నుంచి పైకి పాకి, కొమ్మ చుట్టూ పట్టును పదే పదే చుట్టి ఒక గట్టి వలయం చేస్తుంది. ఆ వలయం నుంచి కిందికి ఒక కాడ. ఆ కాడ చివర, ఆకుల నడుమ, కోలగా ఉండే కాయ. ఎండిన ఆకులు రాలిపోయినా, గాలివానకు కొమ్మలు ఊగిపోయినా ఆ వలయం ఊడదు. కాయను కోసి తెచ్చాక కూడా ఆ కాడా వలయమూ దానితోనే ఉంటాయి. సంతలో కుప్పగా పోసిన కాయల్లో దసలిదేదో చెప్పాలంటే కాడను చూస్తే చాలు. కాయ పైభాగం బూడిద రంగులోనో పసుపుగానో ఉండి, గోరుతో నొక్కితే లొంగనంత గట్టిగా ఉంటుంది.

ఆ గట్టి కాయలోంచి మూతీ పళ్లూ లేని చిలుక ఎలా బయటికి వస్తుంది? విత్తన కేంద్రంలో సాయంత్రం వేళ నిలబడి చూస్తే తెలుస్తుంది. దండలుగా గుచ్చి వేలాడదీసిన కాయల్లో ఒకదానికి కాడ ఉన్న వైపు కొన తడిసినట్టు నల్లబడుతుంది. లోపలి చిలుక నోటి దగ్గర నుంచి వదిలిన ఒక ద్రవం పట్టుపోగులను అంటిపెట్టి ఉంచే జిగురును కరిగిస్తుంది. పోగులు తెగవు, విడిపోతాయి. ఆ సందులోకి తల, ముందు కాళ్లు దూర్చి తోసుకుంటూ చిలుక బయటపడుతుంది. అప్పుడు దాని రెక్కలు తడిగా, ముడుచుకుని, చిటికెనవేలి గోరు కంటే కాస్త పెద్దగా ఉంటాయి. కాయను పట్టుకుని పైకి పాకి, రెక్కలు కిందికి వేలాడేటట్టు కూర్చుంటుంది. ఒంట్లోని ద్రవం రెక్కల నరాల్లోకి పాకుతున్న కొద్దీ ముడతలు ఒక్కొక్కటీ విప్పుకుంటాయి. ముందు కన్నులు విచ్చుకుంటాయి, తరవాత అంచులు చాచుకుంటాయి. అప్పుడు చేయి తగలకూడదు. వేలాడే చోటు దొరకకపోయినా, తగిలి కిందపడ్డా రెక్క వంకరగానే ఎండిపోతుంది. ఇక జీవితాంతం అంతే.

చీకటి పడ్డాక జతలు కడతాయి. తెల్లవారేదాకా అలాగే ఉంటాయి. పొద్దున్నే విడదీసి ఆడచిలుకను విడిగా గుడ్లు పెట్టనిస్తారు. ఇక్కడే చిలుక గుర్తులకు మరో అవసరం వస్తుంది. పెబ్రిన్ అనే జబ్బు తల్లి నుంచి గుడ్డులోకే దిగుతుంది. గుడ్డు పైకి బాగానే ఉంటుంది, పురుగు పుడుతుంది, నాలుగు రోజులు మేస్తుంది, తరవాత పంట మొత్తం పోతుంది. అందుకని రెక్కలు ముడుచుకుపోయినవి, పొలుసులు రాలినవి, చురుకు లేనివి విత్తనానికి వాడరు. కంటితో చూసింది చాలదు. గుడ్లు పెట్టిన ప్రతి తల్లి చిలుకనూ నూరి, ఆ చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, కోలగా మెరిసే బీజాలు కనిపిస్తే దాని గుడ్లన్నీ నాశనం చేస్తారు. ఈ పద్ధతికి మూలపురుషుడు లూయీ పాశ్చర్. 1865 నుంచి కొన్నేళ్లు దక్షిణ ఫ్రాన్స్‌లోని అలెస్ దగ్గర ఉండి, మల్బరీ పట్టుపురుగుల మీద ఆయన చేసిన పరిశోధన ఫలితం ఇది. మన అడవిపల్లెలో రైతు చేతికి వచ్చే రోగరహిత గుడ్ల పొట్లం వెనక ఇప్పటికీ ఆ పరీక్షే ఉంది. ప్రభుత్వ కేంద్రం గుడ్లే తీసుకోండని అధికారులు పదే పదే చెప్పడానికి కారణం ఇదే. అది వినవలసిన మాట.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. దసలి చిలుక దేశమంతటా ఒకే తీరుగా ఉండదు. జార్ఖండ్‌లో, ఒడిశాలో, ఛత్తీస్‌గఢ్‌లో, మహారాష్ట్రలో ఒక్కో అడవిలో ఒక్కో రకంగా మారింది. అలాంటి ప్రాంతీయ రకాలు 40కి పైగా ఉన్నాయని లెక్క. ఒడిశా సిమిలిపాల్ అడవుల్లో మోదల్, బస్తర్ సాలవనాల్లో రైలీ, మహారాష్ట్రలో భండారా, జార్ఖండ్ వైపు డాబా. రైలీ ఈనాటికీ అడవిలో పుట్టి అడవిలోనే పెరుగుతుంది. మనుషులు చేయగలిగింది కాయ ఏరుకోవడమే. మన గోదావరి లోయ అడవులకు కూడా సొంత రకం ఒకటి ఉంది. దాని పేరు ఆంధ్ర లోకల్. పాత ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాల మద్ది అడవులు దాని ఇల్లు. కాయ చిన్నదే గానీ గట్టిగా, పొందికగా ఉంటుంది. ఏడాదికి మూడు తరాలు: వానలతో ఒకటి, వానలు వెనకపట్టే రోజుల్లో ఒకటి, చలి మొదలయ్యాక ఒకటి. మూడో తరం కాయలో పురుగు మిగిలిన చలికాలం, ఎండాకాలం మొత్తం నిద్రపోయి మళ్లీ తొలకరికి చిలుకై వస్తుంది.

కాయ పెద్దదైతే ధర ఎక్కువ. కాబట్టి పెద్ద కాయ కట్టే డాబా విత్తనం బయటి నుంచి వచ్చింది. పెంచుకునే కుటుంబానికి నాలుగు డబ్బులు ఎక్కువ మిగలాలి, అందులో తప్పు పట్టడానికి లేదు. కానీ అడవిలో మద్ది తగ్గింది, స్థానిక రకం కూడా తగ్గుతూ వచ్చింది. మన ఎండలకు, మన వానల రాకపోకలకు తరతరాలుగా అలవాటుపడ్డ రక్తం అది. ఏ జబ్బుకో, ఏ వేడికో పెంపుడు విత్తనం నిలబడలేనినాడు మళ్లీ వెళ్లి తెచ్చుకోవలసింది అడవి నుంచే. అది అక్కడ ఉంటేనే కదా తెచ్చుకునేది. వరండాలో వాలిన ఒక్క చిలుకను గురించి ఇంతసేపు మాట్లాడుతున్నది ఇందుకే. ఆ రాత్రి దానికి జత దొరికితే వచ్చే పంటకు ఆ అడవిలో నూటయాభై గుడ్లు ఎక్కువ.

గుడ్లన్నీ చిలుకలు కావు, ఆ మాటకొస్తే పదో వంతు మిగిలినా గొప్పే. ఆకులను కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు పిల్లపురుగులను ఈడ్చుకుపోతాయి. కందిరీగలు ముక్కలు చేసి తీసుకుపోతాయి. సూదిమూతి నల్లులు పొడిచి రసం పీల్చేస్తాయి. ఊజీ ఈగ పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టి పోతే దాని పిల్ల లోపలి నుంచి తినేస్తుంది. కాకులు, పక్షులు సరేసరి. చెన్నూరు, కౌటాల, మహాదేవపూర్ ప్రాంతాల్లో దసలి పెంచే కుటుంబాలు పంట ఉన్న రోజుల్లో మద్దితోటలోనే చిన్న గుడిసె వేసుకుని కాపలా ఉంటాయి. పొద్దున్నే వడిసెలతో పిట్టలను తోలాలి, మధ్యాహ్నం చెట్టు చెట్టుకూ చీమల దారులు చూడాలి, రాత్రి లాంతరు పట్టుకుని తిరగాలి. పడుగు పేకల లెక్కకు రాని ఈ కాపలా దసలి చీర ధరలో ఎంత ఉందో కొనేటప్పుడు ఆలోచించాలి.

మరి అడవి పక్క ఊళ్లో ఉన్న మనం ఏం చేయగలం? దీపం దగ్గర చిలుక కనబడితే ఇందాక చెప్పినట్టు దీపం ఆర్పేయండి. ఎంతకీ కదలకపోతే రెక్కలు పట్టుకోకుండా, కాళ్ల కింద ఒక పుల్ల పెట్టి ఎక్కించుకుని, చీకట్లో ఏదైనా చెట్టు కొమ్మకు అందించండి. పసుపుగా, బరువు పొట్టతో ఉన్న ఆడది అయితే మద్దిచెట్టో రేగుచెట్టో చూసి వదలండి. ఈ పురుగు రేగు ఆకు కూడా తింటుంది.

కాయల కోసం వెతకాలంటే ఎండాకాలం మొదలు మంచి అదను. నల్లమద్ది ఆకు రాల్చేస్తుంది కాబట్టి మిగిలిన కాయలు వట్టి కొమ్మలకు వేలాడుతూ కనిపిస్తాయి. ఒక్కొక్క కాయ ఒక్కొక్క సంగతి చెబుతుంది. కాడ వైపు కొన విచ్చుకుని పెద్ద సందు ఉంటే చిలుక క్షేమంగా వెళ్లిపోయిందని. ఆ కాయ కోసుకోవచ్చు, దాని నుంచి వడికిన దారం కూడా పనికొస్తుంది. చిన్న గుండ్రని బెజ్జం ఉంటే లోపలి పురుగును పరాన్నజీవి కందిరీగ తినేసి, తను బయటపడిందని. బెజ్జం లేకుండా తేలికగా ఉండి, చెవి దగ్గర ఊపితే గలగలమంటే లోపలిది ఎండిపోయిందని. బెజ్జం లేకుండా చేతికి బరువుగా ఉంటే మాత్రం లోపల ప్రాణం ఉంది. అలాంటివి ఒక చెట్టుకు ఎన్ని ఉన్నా అన్నీ కోయకండి. చేతికి అందని పై కొమ్మల వాటిని అలాగే ఉంచండి. కాయలు ఏరేవాళ్లు మీ ఊళ్లో ఉంటే వాళ్లకూ ఈ మాట చెప్పండి. మీ అడవిలో చిన్నగా, గట్టిగా ఉండే పాత రకం కాయ ఇంకా దొరుకుతోందంటే దగ్గరలోని పట్టుపరిశ్రమ శాఖ కార్యాలయానికి ఆ చోటు, ఆ చెట్టు చూపించండి. వాళ్లకు విత్తనం కావలసింది అలాంటి చెట్ల నుంచే.